హంతకుడి "స్ఫూర్తి"తో సినిమా తీయొచ్చా?

సందేహం: మా అబ్బాయి సినిమాల మీద వీడియోలు చేస్తుంటాడు. మొన్న ఒకదానికి "సీరియల్ కిల్లర్ల స్ఫూర్తితో వచ్చిన సినిమాలు" అని పేరు పెట్టాడు. ఆ "స్ఫూర్తి" నాకు ముల్లులా గుచ్చుకుంది. "ఇన్‌స్పైర్డ్ అంటే అదే కదా నాన్నా" అంటాడు వాడు. పోనీ, సీరియల్ కిల్లర్‌కైనా సరైన తెలుగు మాట ఉందా? – ఒక పాఠకుడు, మల్కాజిగిరి

సమాధానం: మీ చెవి మంచిదండీ. నిఘంటువు తీస్తే మాత్రం మీ అబ్బాయే గెలుస్తాడు, ఎందుకంటే స్ఫుర్ ధాతువుకు అదరడం, మెరవడం అని అర్థాలు, అందులో మంచీ లేదు చెడూ లేదు. కానీ జనం దాన్ని ఎక్కడ వాడుతున్నారో చూడండి. మొన్న చిక్కడపల్లి గ్రంథాలయం దగ్గర ఓ ఫ్లెక్సీ కనిపించింది, "జయశంకర్ సార్ స్ఫూర్తితో రక్తదాన శిబిరం" అని. ఆ పేరు తీసేసి అక్కడ ఓ హంతకుడి పేరు పెట్టి చదవండి. ఎలా ఉంది?

"ప్రేరణ" అందామంటే అదీ ఇబ్బందే. "ఆత్మహత్యకు ప్రేరేపించాడని కేసు" అని రోజూ పేపర్లో చదివే మనకు, హంతకుడి ప్రేరణతో తీశారంటే వాడే దర్శకుడి వెనక నిలబడి తీయించినట్టు వినిపిస్తుంది.

అసలు చిక్కేమిటంటే, ఆ ఒక్క ఇంగ్లీషు మాట చాటున మూడు రకాల సంబంధాలు దాక్కున్నాయి. దక్షిణ కొరియాలోని హ్వాసాంగ్‌లో 1986 నుంచి 1991 వరకు జరిగిన హత్యల మీద 2003లో "మెమరీస్ ఆఫ్ మర్డర్" వచ్చింది, దాన్ని హాయిగా "ఆ హత్యల ఆధారంగా తీసిన సినిమా" అనొచ్చు (హంతకుడెవరో తేలింది మాత్రం 2019లో, అప్పటికే అతను వేరే నేరం కింద జైల్లో ఉన్నాడు). "సైకో" సంగతి వేరు. అమెరికాలోని విస్కాన్సిన్‌లో ఎడ్ గీన్ అనే హంతకుడు 1957లో దొరికిపోయాడు, అక్కడికి దగ్గర్లోనే ఉంటున్న రాబర్ట్ బ్లాక్ ఆ ఉదంతం పైపైన విని 1959లో నవల రాశాడు, మరుసటి ఏడు హిచ్‌కాక్ దాన్ని సినిమా తీశాడు. ఇక్కడ "ఆధారంగా" అంటే ఎక్కువైపోతుంది, "ఆ ఉదంతం నుంచి కథ తట్టింది" అంటే సరిపోతుంది. ఇక 1960లలో బొంబాయిలో పేవ్‌మెంట్ల మీద, గుడిసెల్లో పడుకున్నవాళ్లను చంపిన రామన్ రాఘవ్ పేరు పెట్టుకుని 2016లో వచ్చిన సినిమా, ఇది అతని కథ కాదని మొదట్లోనే చెప్పేస్తుంది. అలాంటిదాన్ని "ఆ ఛాయలున్న సినిమా" అంటే చాలు. చూశారా, మూడుచోట్లా నేను ముడిపెట్టింది ఉదంతంతో, మనిషితో కాదు.

ఇక రెండో ప్రశ్న. "వరుస హత్యలు" చక్కగా ఉంటుంది, హత్యలు వరుసగా జరిగాయి కాబట్టి. "వరుస హంతకుడు" పత్రికల్లో కనబడుతుంది గానీ, నాకు అది వినగానే "ఏ వరుస? బావా, మరిదా?" అని అడగాలనిపిస్తుంది, వావివరుసల దేశంలో పుట్టిన పాపం. "ధారావాహిక హంతకుడు" అని ఒకాయన రాస్తే అందరం నవ్వాం, రాత్రి ఏడున్నరకు టీవీలో వచ్చేవాడా అని. తర్వాత తెలిసింది, సీరియల్ కిల్లర్ అనే మాటను అమెరికాలో వ్యాప్తిలోకి తెచ్చిన ఎఫ్‌బీఐ అధికారి రాబర్ట్ రెస్లర్, చిన్నప్పుడు థియేటర్లో వారంవారం చూసిన సీరియల్ సినిమాలే తన మనసులో మెదిలాయని చెప్పుకున్నాడు! అంటే "ధారావాహిక" అని రాసిన ఆ పెద్దాయన తెలియకుండానే మూలానికి అందరికంటే దగ్గరగా వెళ్లాడు. అయినా ఆ మాట నిలవదు లెండి. మాట్లాడేటప్పుడు సీరియల్ కిల్లర్ అనేయండి, రాసేటప్పుడు "వరుస హత్యల నిందితుడు", శిక్ష పడ్డాక "వరుస హత్యల హంతకుడు" అంటే సరి.

మీ అబ్బాయికి "నిజ ఉదంతాల నుంచి పుట్టిన హంతకుల సినిమాలు" అని మార్చమనండి. పొడుగైంది, వ్యూస్ రావు అంటే మాత్రం నా దగ్గర మందు లేదు.