పొల్లు పేర్ల కాలం

పోయిన సంచికలో ‘మీ తరం మగపిల్లల పేర్ల మీద ఏమైనా అడగండి’ అన్నందుకు సంచీడు ఉత్తరాలొచ్చాయి. రాసినవాళ్లలో ఎక్కువమంది 1980ల్లో పుట్టినవాళ్లే. అందులో సురేష్‌లు ఎంతమందో లెక్కపెట్టే ఓపిక లేకపోయింది. ఈసారికి ఆ పదేళ్ల పేర్ల మీదే మాట్లాడుకుందాం.

ప్ర: సార్, నేను 1984లో పుట్టాను. టెన్త్‌లో మా సెక్షన్‌లో నలుగురు సురేష్‌లం ఉండేవాళ్లం. ఇప్పుడు ఆఫీసులో ముగ్గురం. మా అమ్మానాన్నలకు ఇంకో పేరే దొరకలేదా?
– ఒక సురేష్, నిజామాబాద్

జ: దొరక్క కాదండీ, మీ నాన్నగారు ఊళ్లో ఎవరూ పెట్టని కొత్త పేరు పెట్టాననే అనుకుని ఉంటారు. ఆయన పేరు మీరు రాయలేదు గానీ ఏ రాజయ్యో, గంగారామో, సత్యనారాయణో అయ్యుంటుంది. రాజయ్య, సుబ్బారావు, వెంకటేశ్వర్లు, ఆంజనేయులు... ఇలా ఆ తరం పేర్లు ఒకసారి పైకి పలికి చూడండి, దాదాపు అన్నిటి చివరా అచ్చే ఉంటుంది. తెలుగు మాట తీరే అంత. సురేష్, రమేష్, కిరణ్, ప్రవీణ్, నవీన్, సంతోష్ మాత్రం చివర పొల్లుతో టక్కున ఆగిపోతాయి. ఆ ఆగడమే అప్పటి ఫ్యాషన్! హిందీ సినిమా హీరోలానో, బ్యాంకులో కుర్చీ వేసుకుని కూర్చున్న ఆఫీసర్‌లానో వినిపించేది. నిజానికి సురేశుడు, రమేశుడు, సతీశుడు కొత్తవాళ్లేం కాదు, పాత దేవుళ్లకే తోక కత్తిరించి ప్యాంటు తొడిగారు, అంతే.

కత్తిరించిన ఆ అచ్చును మన నోళ్లు ఊరుకోక మళ్లీ అతికించాయి. చీకటిపడ్డాక గుమ్మంలో నిలబడి అన్నానికి పిలిచే అమ్మ ‘సురేషూ...’ అనే కేకేసేది కదా? నానమ్మలకైతే వాళ్లు ఎప్పటికీ సురేశు, కిరణు, నవీను.

నలుగురు సురేష్‌ల బాధ నాకు తెలుసు. మా క్లాసులో ముగ్గురు శ్రీనివాస్‌లు. హాజరు పట్టీలో కె. శ్రీనివాస్, ఎమ్. శ్రీనివాస్, టి. శ్రీనివాస్. మాకు మాత్రం పొట్టి శీను, కళ్లద్దాల శీను, కిరాణాకొట్టు శీను. ఆ కొట్టు మూతపడి ముప్పై ఏళ్లు దాటింది, మనిషి ఇప్పుడు కాలేజీలో ఫిజిక్స్ చెబుతున్నాడు, అయినా మా వాట్సాప్ గ్రూపులో కిరాణాకొట్టు శీనే.

అన్నట్టు, సుర + ఈశ కాబట్టి సురేశ్ అని రాయాలి. కానీ టెన్త్ మెమోలో ‘ష్’ పడిపోయాక వ్యాకరణం మాత్రం ఏం చేస్తుంది, వదిలేయండి.

ప్ర: రాకేశ్ అంటే రాక్షసులకు ఈశుడని మా బావ ఏడిపిస్తాడు. నిజమేనా?
– రాకేశ్, ఏలూరు

జ: రాక అంటే నిండు పున్నమి, రాకేశుడంటే చంద్రుడు. 1984 ఏప్రిల్‌లో అంతరిక్షంలోకి వెళ్లిన మన మొదటి మనిషి రాకేశ్ శర్మ, ఆయన చదువుకున్నది హైదరాబాద్‌లోనే. మీ బావ పేరేంటో రాసి పంపండి, దాని సంగతీ చూద్దాం.

ప్ర: నా పూర్తి పేరు వీర వెంకట సత్యనారాయణ శ్రీకాంత్. ఊళ్లో అందరికీ శ్రీకాంత్‌నే. ఇక్కడ ఆఫీసులో మాత్రం ‘హాయ్ వీరా’ అంటారు, వెనక్కి తిరిగి ఇంకెవర్నో అనుకుంటాను. ఈ రైలుబండి ఎందుకు తగిలించారు?
– కాకినాడవాడు, ప్రస్తుతం డల్లాస్

జ: కాకినాడ అన్నారు కాబట్టి సులువుగానే చెప్పొచ్చు. వీర వెంకట సత్యనారాయణ స్వామి అంటే అన్నవరం దేవుడి పూర్తి పేరు. మీ అమ్మగారో అమ్మమ్మగారో మొక్కుకుని ఉంటారు, లేదా మీ తాతగారి పేరు సత్యనారాయణ అయ్యుంటుంది, రెండూ అయినా ఆశ్చర్యం లేదు. ఎనభైల్లో ఇంటింటా జరిగిన రాజీ ఇదే. పిలవడానికి అమ్మానాన్నలకు నచ్చిన పొల్లు పేరు, దాని ముందు ఇనీషియల్స్‌లో ముడుచుకుని కూర్చున్న తాతా, దేవుడూ. తాత అలగడు, దేవుడికి మొక్కు చెల్లుతుంది, పిల్లాడు బడిలో శ్రీకాంత్ అనిపించుకుంటాడు.

మీకన్నా కొంచెం ముందు, 1974లో పుట్టిన మన హైదరాబాదీ క్రికెటర్ వి.వి.ఎస్. లక్ష్మణ్‌నే చూడండి. 2001లో కోల్‌కతాలో 281 కొట్టిన మనిషి కాబట్టి ఆ అక్షరాలను వెరీ వెరీ స్పెషల్ అని విడదీసుకుని మురిసిపోయారు గానీ, మొదటి వి ఇంటిపేరు వంగిపురపు, రెండో వి వెంకట, ఎస్ ఏమో సాయి.

మీరు వీరా దగ్గరే ఆగారు, సంతోషించండి. పాస్‌పోర్టులో పేరు మొత్తం ఇంటిపేరు గడిలోనే పడిపోయి, రెండో గడి ఖాళీగా ఉన్నవాళ్లకి అమెరికా వీసాలో పేరు దగ్గర ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని వస్తుంది, అంటే పేరు తెలియదని. అలాంటివాళ్లని అక్కడ ‘ఫ్నూ’ అని పిలిచిన సందర్భాలున్నాయి. వీరా నయం కాదూ?

ప్ర: అండీ, మా బాబుకి మామగారి పేరు వెంకటేశ్వర్లు కలిసి రావాలని అత్తయ్యగారి పట్టు. మావారేమో రేయాన్ష్ అంటున్నారు. బాబుది ఆరుద్ర. ఇంట్లో ఇదే టెన్షన్.
– ఒక చెల్లెలు, ఒంగోలు

జ: ఆరుద్ర నాలుగు పాదాలకీ అక్షరాలు కూ, ఘ, ఙ, ఛ. పంచాంగం రాసినవాళ్లు ‘ఙ’తో ఏ పిల్లాడిని పిలిచారో నాకు ఇప్పటికీ అంతుబట్టదు. వ, ర రెండూ అందులో లేవు కాబట్టి జాతకం మాటకొస్తే ఇద్దరూ ఓడినట్టే, దాన్ని పక్కన పెట్టండి.

ఒక్క మాటడుగుతాను. మీ అత్తగారు మామగారిని పేరు పెట్టి పిలుస్తారా? ఆ తరంవాళ్లు పిలవరు. మా తమ్ముడికి తాతయ్య పేరు సుబ్బారావు పెట్టాలని ఇల్లంతా ఒప్పించింది మా నానమ్మే. బారసాలనాడు పళ్లెంలో బియ్యం పోసి, ఉంగరంతో నాన్న ఆ పేరు రాస్తుంటే కళ్లనీళ్లు పెట్టుకుందట. ఆ తర్వాత చనిపోయేదాకా ఒక్కరోజూ వాణ్ని ఆ పేరుతో పిలవలేదు. ‘బాబూ’ అనేది, కోపమొస్తే ‘ఒరే, మీ తాత పేరోడా’ అనేది! కాబట్టి ఆవిడకు కావలసింది పేరు ఉండటం, పిలవడం కాదు.

నన్నడిగితే వెంకటేష్ అని పెట్టండి. మామగారి పేరే, తోక లేకుండా. మీవారు మరీ పాతగా ఉందంటే రేయాన్ష్ వెంకట్ అనండి, కానీ ఆ వెంకట్‌ని ఒక్క అక్షరానికి కుదించకుండా పూర్తిగా రాయించండి. తొందరేం లేదు. జననం నమోదయ్యాక ఏడాదిలోపు పేరు రాయిస్తే రుసుము ఉండదు, ఆ తర్వాత రుసుము కట్టి 15 ఏళ్లలోపు రాయించుకోవచ్చు. అయితే 2023 అక్టోబరు నుంచి పుట్టినవాళ్లకి బడికైనా పాస్‌పోర్టుకైనా పుట్టిన తేదీకి ఆ జనన సర్టిఫికెట్టే ఆధారం. మా రోజుల్లోలాగా హెడ్మాస్టర్‌గారు తనకు వినబడిందే పేరుగా, తనకు తోచిందే పుట్టినరోజుగా రాసేసుకునే వీలు లేదు, అందుకని ఒక్కసారే, స్పెల్లింగ్ రెండుసార్లు చూసుకుని రాయించండి.

ప్ర: మా బడిలో మస్తాన్‌రెడ్డి, పెంచలయ్య ఉండేవారు. మా మనవళ్ల క్లాసులో ఒక్కడూ లేడు. ఏమైపోయారు?
– రిటైర్డ్ టీచర్, నెల్లూరు

జ: మాస్టారూ, మీ జిల్లా పేర్లంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. కసుమూరు మస్తాన్ వలీ దర్గాలో మొక్కుకుని కన్న బిడ్డ మస్తాన్, తర్వాత కులం తోక ఏదైనా కానీ. పెంచలకోన నరసింహస్వామి ఇచ్చినవాడు పెంచలయ్య. గాయకుడు మనో అసలు పేరు నాగూర్ బాబు, ఆ నాగూరూ దర్గా ఊరే. సింహాచలం దిక్కున అప్పలరాజు, అప్పలనాయుడు, వేములవాడ దిక్కున రాజన్న, రాజేశం. పేరు వింటే బస్సు ఏ ఊళ్లో దిగాలో తెలిసిపోయేది.

వీటి పక్కనే ఇంకో రకం ఉండేవి, ఎవరూ నవ్వుతూ పెట్టని పేర్లు. పుట్టిన బిడ్డలు వరసగా పోతుంటే, తర్వాతివాణ్ని పెంటకుప్ప మీద దొర్లించి పెంటయ్య అని, ఎంగిలి విస్తట్లో, అంటే పుల్లాకులో దొర్లించి పుల్లయ్య అని పెట్టేవారు. మృత్యువు కూడా ముట్టకూడదని. ఎనభైలకి ఆ పేర్లు బాగా తగ్గాయి. ఆస్పత్రులూ టీకాలూ వచ్చి బిడ్డలు బతకడం వల్లేనని నేననుకుంటాను. వాటి కోసం మాత్రం నేను బెంగపడను.

పెంచలయ్య సంగతి వేరు. నాకు తెలిసిన ఒకాయన హైదరాబాద్ వచ్చి ‘పెంచల్’ అని విజిటింగ్ కార్డు కొట్టించుకున్నాడు. ఊళ్లో బస్సు దిగగానే టీకొట్టు ముసలాయన ‘ఏరా పెంచలయ్యా, ఎప్పుడొచ్చావు?’ అంటాడట.