మూన్‌చైల్డ్ దాటేస్తే ఆ ఆల్బమ్ విననట్టే

"కింగ్ క్రిమ్సన్ మొదటి ఆల్బమ్‌ని అందరూ ఆకాశానికెత్తేస్తారు, నాకు సగంలోనే విసుగొచ్చింది, అందులో అంత ఏముంది?" అని అడిగారు. ఆ ఇంగ్లిష్ రాక్ బ్యాండు 'ఇన్ ద కోర్ట్ ఆఫ్ ద క్రిమ్సన్ కింగ్' గురించే కదా? చాలా ఉంది. కానీ మీరు దాన్ని ఫోన్ స్పీకర్లో, పాటకీ పాటకీ మధ్య ప్రకటనలొస్తుంటే విన్నారని నా గట్టి నమ్మకం. అలా వింటే ఎవరికైనా విసుగే.

మాది విశాఖపట్నంలో పెదవాల్తేరు. మా మావయ్య ఓడల మీద ఇంజినీరు. సెలవుకొస్తే ఇంట్లో అందరికీ ఏవో తెచ్చేవాడు, నాకు మాత్రం క్యాసెట్లు. నేను ఇంటర్ చదువుతుండగా ఒక సాయంత్రం ఈ ఆల్బమ్ పెట్టి, ఒక్క ముక్క చెప్పకుండా కుర్చీలో వాలిపోయాడు. ముందు ఏమీ వినపడలేదు. ఎక్కడో గాలి బుసకొడుతున్నట్టు సన్నటి చప్పుడు. నేను లేచి సౌండు బాగా పెంచాను. అంతే, గిటారూ శాక్సఫోనూ కలిసి మీద పడ్డాయి. వంటింట్లోంచి అమ్మమ్మ గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది. "ఏట్రా ఈ గోల? ఆ మనిషి గొంతు ఎవరు నొక్కేస్తన్నారు?"

అమ్మమ్మ పట్టేసింది. మొదటి పాట '21స్ట్ సెంచరీ స్కిజాయిడ్ మ్యాన్'లో గాయకుడు గ్రెగ్ లేక్ గొంతుని కావాలనే అలా చితక్కొట్టారు. వియత్నాం యుద్ధం నడుస్తున్న రోజులు, పాటలో నాపామ్ అనే నిప్పుబాంబుల మంటలున్నాయి. అది తియ్యగా ఎలా పాడతారు? పాట మధ్యలో బ్యాండు నలుగురూ ఒక్కసారిగా వాయించి ఒక్కసారిగా ఆగిపోతుంటారు. ఆ ఖాళీల్లో నేను ఊపిరి తీసుకోలేదు.

ఆ రభస తెగిపోగానే, గ్యాప్ లేకుండా, రెండో పాటలో ఇయాన్ మెక్‌డొనాల్డ్ ఫ్లూటు. తిట్టడానికొచ్చిన అమ్మమ్మ గుమ్మానికి ఆనుకుని నిలబడిపోయింది. "ఇది బావుందిరా" అంది. ఆల్బమ్ గొప్పతనమంతా ఆ మలుపులో ఉంది. ఫ్లూటు పాట విడిగా వింటే మంచి పాట, ఆ మోత తర్వాత వింటే ప్రాణం లేచొస్తుంది.

తర్వాత 'ఎపిటాఫ్'. ఆ వయొలిన్ల హోరు ఎవరు వాయిస్తున్నారని అడిగితే మావయ్య హుషారుగా లేచి కూర్చున్నాడు. అది మెలోట్రాన్ అనే కీబోర్డు అట. ఒక్కో మెట్టు కింద ఒక్కో టేపు ముక్క, దాని మీద ముందే రికార్డు చేసిన స్వరం. మెట్టు నొక్కితే టేపు కదులుతుంది, ఎనిమిది సెకన్లకి అయిపోతుంది, వదిలేస్తే వెనక్కి లాగేసుకుంటుంది. ఎంత పెద్ద హోరైనా అన్ని సెకన్లలోపే చెయ్యి మార్చుకోవాలి. ఆ పాటలో దిగులుకి సగం కారణం ఆ మెషీనే అంటాను.

ఇక క్యాసెట్ తిప్పాక 'మూన్‌చైల్డ్'. మీకు విసుగొచ్చింది ఇక్కడేనా? చిన్న పాట అయిపోయాక రాబర్ట్ ఫ్రిప్ గిటారు, వైబ్రాఫోను అనే లోహపు పలకల వాద్యం, మైఖేల్ గైల్స్ డ్రమ్ములు ఒకదాన్నొకటి వెతుక్కుంటున్నట్టు పది నిమిషాలదాకా చిన్న చిన్న చప్పుళ్ళు. మన కచేరీల్లో తాళం లేని ఆలాపనకి ఓపిగ్గా కూర్చునేవాళ్ళు కూడా దీన్ని మాత్రం దాటేస్తారు, నాకు ఒళ్ళు మండుతుంది. ఆ నిశ్శబ్దంలో చెవి పదునెక్కుతుంది. మా ఇంట్లో గోడ గడియారం కూడా వినపడింది ఆ రోజు. అలా సాగదీసి సాగదీసి, డ్రమ్ములు దబ్బుమని పడి చివరి పాట లేస్తుందే, దానికి విలువ ఈ పది నిమిషాలవల్లే. దాటేసినవాళ్ళకి ఆ దెబ్బ తగలదు.

ఇలా పొడుగ్గా, మలుపులతో సాగే రాక్‌ని ప్రోగ్రెసివ్ రాక్ అంటారు. అదంతా వాయించే నేర్పు చూపించుకోడమే అనేవాళ్ళు నాకు నచ్చరు. ఇక్కడ ఐదే పాటలు, మొత్తం 44 నిమిషాలు. 1969 మొదట్లో కలిసి సాధన మొదలుపెట్టిన కుర్రాళ్ళు, నిర్మాత లేకుండా తామే చేసుకుని, అదే ఏడు అక్టోబరులో విడుదల చేశారు. డిసెంబరుకల్లా మెక్‌డొనాల్డ్, గైల్స్ విడిపోయారు. ఆ కూర్పు మళ్ళీ దొరకలేదు. నోరు తెరిచి అరుస్తున్న ఆ ముఖచిత్రం వేసిన బ్యారీ గాడ్‌బర్ కూడా 1970లో, 24 ఏళ్ళకే పోయాడు.

ఒకటి చూసుకోండి. 40 ఏళ్ళ ఎడిషన్ కోసం 2009లో చేసిన కొత్త మిక్స్‌లో మూన్‌చైల్డ్‌ని కత్తిరించి తొమ్మిది నిమిషాలకి తెచ్చారు. ఫ్రిప్ ఒప్పుకున్నా నేను ఒప్పుకోను. మీరు విన్నది అదైతే, పాత పన్నెండు నిమిషాలదే వెతికి మొదట్నుంచీ పెట్టండి.