ఇంటి పెద్ద ఉన్నట్టుండి ఆసుపత్రి పాలైతే డబ్బు ఎట్లా?

నల్గొండ దగ్గరి పల్లెలో సంపాదించే ఒకే ఒక్క మనిషి ఆసుపత్రిలో చేరారని, చేతిలో పైసా లేదని, ముందు ఏం చేయాలని ఒకరు అడిగారు.

అప్పు కోసం తిరగడానికి ముందు ఖర్చు తగ్గే దారి చూడండి. తెలంగాణలో రేషన్ కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ పథకం కింద కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయల వరకు ఉచిత చికిత్స లభిస్తుంది. 2023 డిసెంబరులో ఈ పరిమితిని 5 లక్షల నుంచి పెంచారు. అయితే అన్ని ఆసుపత్రులకూ, అన్ని చికిత్సలకూ ఇది వర్తించదు కనుక, డబ్బు కట్టకముందే ఆసుపత్రిలో ఈ పథకం పనులు చూసే ఆరోగ్యమిత్రను కలవండి. కట్టిన నగదును తరువాత రాబట్టుకోవడం చాలా కష్టం.

అప్పు తప్పనిసరైతే మిత్తి లెక్క వేసుకోండి. ఊళ్లో నూటికి నెలకు మూడు రూపాయల మిత్తి అంటే ఏడాదికి 36 శాతం, లక్షకు 36 వేలు. బ్యాంకులో బంగారం కుదువపెడితే సాధారణంగా అందులో సగం కూడా పడదు. ఇంట్లో ఆడవాళ్లు పొదుపు సంఘంలో ఉంటే ఆ సంఘాలకు అప్పులిచ్చే స్త్రీనిధి రుణం గురించి అడగండి. ఎంత తొందరలో ఉన్నా ఖాళీ ప్రామిసరీ నోటుపై సంతకం చేయకండి, పట్టాదారు పాసుపుస్తకాన్ని ఎవరికీ అప్పగించకండి. అప్పు తీరినా ఆ కాగితాలు వెనక్కి రాక నలిగిపోయే కుటుంబాలు ఎన్నో. పాత రుణాల వాయిదాలుంటే, గడువు దాటకముందే బ్యాంకుకు రాతపూర్వకంగా తెలియజేయండి.