పాఠకుల ప్రశ్నలు: డ్రాఫ్ట్‌కి ముందు జట్టు లోటు లెక్క

ప్రశ్న: మా ఆఫీసులో తెలుగువాళ్లం ఎనిమిదిమందిమి ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కాలేజీ కుర్రాళ్లను తీసుకునేచోట, ఎవరిని ఎవరు ఎంచుకుంటారో ఊహించే పోటీ పెట్టుకుంటాం, తలా నాలుగు జట్లు. పోయినేడు ఏ జట్టులో ఏ స్థానం ఖాళీగా ఉందో చూసి పేర్లు రాస్తే మొదటి రౌండులోనే సగానికి పైగా తప్పాయి. నిజంగా ఏది అవసరమో తేల్చేదెలా?
– ఒక పాఠకుడు, మారతహళ్లి, బెంగళూరు

జవాబు: ఖాళీలు మాత్రమే చూశారు, అదే పొరపాటు. నెలసరుకుల చీటీ రాసేటప్పుడు అడుగుకు చేరిన డబ్బాలు కూడా చూస్తాం కదా. డ్రాఫ్టులో వచ్చిన కుర్రాడికి నాలుగేళ్ల కాంట్రాక్టు ఉంటుంది, కాబట్టి జట్లు వచ్చే ఏడాది ఎవరు వెళ్లిపోతారో కూడా లెక్కేస్తాయి.

స్థానానికో వరుస రాసి నాలుగు గడులు పెట్టండి: ఆడేవాడి వయసు, కాంట్రాక్టు ముగిసే ఏడాది, పోయిన సీజన్లో ఆడిన స్నాప్‌లు (బంతి అందిన ప్రతిసారీ మొదలయ్యే ఒక్కో ఎత్తు), అతని వెనకున్న రెండోవాడు. ఆడేవాడే లేకపోతే 3 వేయండి. ఉన్నా కాంట్రాక్టు ఈ సీజన్‌తో అయిపోతున్నా, వయసో గాయాలో అనుమానం పెడుతున్నా 2. రెండోవాడు మాత్రమే బలహీనమైతే 1. క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు), ఆఫెన్సివ్ ట్యాకిల్ (అతన్ని కాచే లైన్‌లో అంచున ఉండేవాడు), ఎడ్జ్ రషర్ (అంచునుంచి ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకెళ్లేవాడు), వైడ్ రిసీవర్ (విసిరిన బంతి పట్టేవాడు), కార్నర్‌బ్యాక్ (రిసీవర్‌ను అడ్డుకునేవాడు) అయితే ఆ అంకెను రెట్టింపు చేయండి. బయట వీళ్లను కొనాలంటే చాలా ఖరీదు, రూకీ (కొత్త కుర్రాడి) జీతానికి దొరికితే శాలరీ క్యాప్ (జట్టు జీతాల మొత్తం మీద పరిమితి)లో బోలెడు మిగులుతుంది.

డెప్త్ చార్టును (ప్రతి స్థానంలో మొదటివాడెవరు, రెండోవాడెవరు అనే పట్టికను) మాత్రం గుడ్డిగా నమ్మకండి. ముగ్గురు లైన్‌బ్యాకర్లు (రక్షణలో మధ్య వరుసవాళ్లు), ఇద్దరు కార్నర్‌లు అని రాసి ఉంటుంది గానీ, ఇప్పుడు చాలా జట్లు సగానికి పైగా స్నాప్‌లు ఐదుగురు డిఫెన్సివ్ బ్యాక్‌లతోనే (కార్నర్‌లతో సహా వెనక వరుస రక్షకులు) ఆడుతున్నాయి. మూడో కార్నర్‌ను అసలు ఆటగాళ్లలో కలిపి, మూడో లైన్‌బ్యాకర్‌ను తీసేయండి. స్నాప్‌ల గడి పెట్టమన్నది ఇందుకే.

ఆ తర్వాత చూడాల్సింది, ఆగితే దొరుకుతాడా అన్నది. మొదటి రౌండులో 20వ ఎంపిక ఉన్న జట్టుకి, ఇచ్చిపుచ్చుకోడాలు లేకపోతే, రెండోది 52 దగ్గర వస్తుంది. మధ్యలో 31 మంది వెళ్లిపోతారు. మంచి ట్యాకిళ్లు నలుగురే ఉంటే అప్పటికి ఒక్కడూ మిగలడు. రిసీవర్లు పదిహేనుమంది ఉంటే ఆగొచ్చు. అంకెలు సమానంగా వచ్చినచోట ఈ లెక్కే తీర్పు చెబుతుంది.

ఇంత చేసినా జట్టు మరోలా ఆలోచించొచ్చు. 2021లో సిన్సినాటి జట్టుకి క్వార్టర్‌బ్యాక్‌ను కాచే లైన్ బాగోలేదని అందరికీ తెలుసు, అయినా ఐదో ఎంపికతో రిసీవర్ జమార్ చేజ్‌ను తీసుకుంది. ఆ సీజన్లోనే సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) చేరింది. అదే ఆటలో క్వార్టర్‌బ్యాక్ జో బరోను ప్రత్యర్థులు 7 సార్లు పడగొట్టారు. మరుసటి మార్చిలో డబ్బు పెట్టి లైన్‌మెన్‌ను తెచ్చుకుంది. ఎంపిక తప్పని మేం అనం. లోటు మాత్రం ఎక్కడికీ పోలేదు.

ప్రశ్న: డ్రాఫ్ట్‌కి ముందు మార్చిలో జట్టు బయటి ఆటగాణ్ని కొన్న స్థానాన్ని జాబితాలోంచి కొట్టేయొచ్చా? – వైట్‌ఫీల్డ్ పాఠకురాలు

జవాబు: కొట్టేయకండి, కొత్తవాడి వివరాలతో అంకె మార్చండి. 2024 మార్చిలో అట్లాంటా క్వార్టర్‌బ్యాక్ కిర్క్ కజిన్స్‌తో నాలుగేళ్లకు ఒప్పందం చేసుకుని, ఏప్రిల్‌లో ఎనిమిదో ఎంపికతో మైకేల్ పెనిక్స్ అనే మరో క్వార్టర్‌బ్యాక్‌ను తీసుకుంది. చాలామంది నోరెళ్లబెట్టారు. కజిన్స్‌కి అప్పటికి 35 ఏళ్లు, ముందు సీజన్లోనే అకిలెస్ (మడమ వెనకుండే స్నాయువు) తెగింది. మన పట్టికలో వేస్తే 2, రెట్టింపు చేస్తే 4.

మొదటి రౌండు మనకు శుక్రవారం తెల్లవారుజామున 5.30కి మొదలవుతుంది. పట్టిక గురువారం రాత్రే మూసేయండి.