టెన్ బోల్ట్ తీసేసి ఏం వేయాలి? ముందు టైర్ల సంగతి చెప్పండి

ప్రశ్న: నా దగ్గర 2000 మోడల్ కమారో జెడ్28 ఉంది, సిక్స్ స్పీడ్ మాన్యువల్. క్యామ్, హెడర్స్ (ఇంజిన్ పవర్ పెంచే భాగాలు) వేయించాను, 400 హార్స్‌పవర్ దాకా వస్తోంది. ఫ్యాక్టరీ వెనక యాక్సిల్ (టెన్ బోల్ట్, అంటే కవర్‌కి పది బోల్టులుండేది) ఆగదు అంటున్నారు. పన్నెండు బోల్టులుండే పెద్ద ట్వెల్వ్ బోల్ట్ తీసుకోవాలా, ఫోర్డ్ నైన్ ఇంచా?

ట్వెల్వ్ బోల్ట్. తొందరగా ఉంటే ఇక్కడితో ఆపేయండి. తీరిక ఉంటే మాత్రం ఒక మాట. హార్స్‌పవర్ ఎంతో రాశారు గానీ టైర్లు ఏవో రాయలేదు. ఈ ప్రశ్న అడిగే ప్రతివాళ్ళూ ఇలాగే అడుగుతారు. ఎన్ని గుర్రాలకు ఏ యాక్సిల్ అని ఎవరో తయారుచేసిన పట్టికలు కూడా తిరుగుతుంటాయి. నేను వాటిని నమ్మను. యాక్సిల్‌ని విరగ్గొట్టేది ఇంజిన్ కాదు, టైరు. టైరు జారిపోతే యాక్సిల్ లోపలి గేర్ల పళ్ళు బతికిపోతాయి. టైరు రోడ్డును కరిచి పట్టుకుందంటే ఆ దెబ్బంతా క్రౌన్ (పెద్ద గేరు), పినియన్ (దాన్ని తిప్పే చిన్న గేరు) మీదే పడుతుంది.

మీ కారు ఫ్యాక్టరీ లెక్కే వేసి చూడండి. టార్క్ 335 పౌండ్-ఫీట్, ఫస్ట్ గేర్ రేషియో 2.66, వెనక యాక్సిల్ రేషియో 3.42. గుణిస్తే మూడు వేల పౌండ్-ఫీట్ దాటుతుంది. దాన్ని మోయాల్సిన క్రౌన్ వ్యాసం 7.625 అంగుళాలు. ఇక క్లచ్ మీద నుంచి కాలు ఒక్కసారిగా తీశారనుకోండి, గిర్రున తిరుగుతున్న ఫ్లైవీల్ ఊపు కూడా ఈ లెక్కకు తోడవుతుంది. కాగితం మీద వేసే గుణకారంలో అది కనపడదు.

నాదీ ఇదే కారు, 1999ది, ఉండేది డాలస్ దగ్గర. మామూలు రోడ్డు టైర్లతో, క్యామ్ మార్చిన ఇంజిన్‌తో, ఏళ్ళ తరబడి ఆ టెన్ బోల్ట్ మీదే తిరిగాను. చిన్న శబ్దం కూడా రాలేదు. తర్వాత డ్రాగ్ రేడియల్స్, అంటే రేసు కోసం బాగా పట్టుండే మెత్తటి టైర్లు కొన్నాను. ఒక శుక్రవారం రాత్రి డ్రాగ్ స్ట్రిప్‌కి వెళ్ళాను. బర్నవుట్ చేసి, అంటే నిలబడ్డచోటే చక్రాలు గిర్రున తిప్పి, టైర్లు వేడెక్కించి, లైన్‌లో నిలబడి, 4,500 ఆర్‌పీఎం దగ్గర క్లచ్ వదిలాను. కారు ముందుకు ఎగిరింది. సీటు వీపుకి తగిలింది. అంతలోనే కింద ఠాప్‌మని ఒక్క చప్పుడు, వెనకాలే గులకరాళ్ళు మరలో పడ్డట్టు గరగర. ఇంజిన్ అరుస్తోంది, కారు కదలదు. పినియన్ సీల్ దగ్గర నుంచి ఆయిల్ కారి ట్రాక్ మీద పడింది. వాళ్ళు అది తుడిచేదాకా రెండు లేన్లూ ఆపేశారు. నా వెనక క్యూలో ఉన్నవాళ్ళ చూపులు మీరు ఊహించుకోవచ్చు. ఇంజిన్ అదే, తోలింది నేనే. మారింది టైర్లొక్కటే. ఇంతకంటే రుజువు నాకు అక్కర్లేదు.

మర్నాడు గరాజ్‌లో కవర్ విప్పుతుంటే మా మామగారు వచ్చి పక్కన కూర్చున్నారు. అప్పుడే విజయవాడ నుంచి వచ్చారు. ఆటోనగర్‌లో లారీలు బాగుచేయిస్తూ సగం జీవితం గడిపిన మనిషి. గేర్ ఆయిల్‌లోంచి ఒక పన్ను ముక్క తీసి, గుడ్డతో తుడిచి, వెలుతురులో తిప్పి చూశారు. "ఇది అరిగి పోయింది కాదు బాబూ. విరిగిన చోటంతా ఒకే రకంగా గరుగ్గా మెరుస్తోంది చూడండి. పాత పగులైతే నున్నగా, గీతలు గీతలుగా ఉంటుంది. ఒక్క దెబ్బకే పోయింది" అన్నారు. తర్వాత, "మీరు గానీ క్లచ్ ఠక్కున వదిలారా?" అని అడిగారు. నేను టైర్ల వైపు చూపించాను. డ్రాగ్ రేడియల్ అంటే ఏమిటో ఆయనకు తెలియదు, కానీ రబ్బరు గిల్లి చూసి నవ్వారు. ఇంటర్నెట్‌లో వారం రోజులు చదివినా ఇంత సూటిగా చెప్పినవాళ్ళు దొరకలేదు.

అదే వారం హెచ్ఓఏ (మా కాలనీ ఇళ్ళ యజమానుల సంఘం) నుంచి నోటీసు వచ్చింది, డ్రైవ్‌వేలో కారు స్టాండ్ల మీద కనిపిస్తోందట. ఎదురింటాయన పడవ ట్రైలర్ మీద నెలల తరబడి ఉంటే ఎవరికీ కనపడదు. ఇక మనవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఫొటో పెడితే ఒక్కరైనా యాక్సిల్ గురించి అడగలేదు. ఆ డబ్బుతో టెస్లాకు డౌన్‌పేమెంట్ కట్టొచ్చు కదా అని నలుగురు సలహా ఇచ్చారు.

సరే, మీ ప్రశ్నకు వస్తాను. నైన్ ఇంచ్ బలమైనదే, కాదనను. దాని పినియన్ క్రౌన్ మధ్యగీతకు బాగా కిందుగా కూర్చుంటుంది, అందుకని పళ్ళు ఎక్కువ మేర పట్టుకుంటాయి. పినియన్ కొసన ఇంకో బేరింగ్ ఉంటుంది. గేర్లున్న ముద్ద మొత్తం ముందు నుంచి విప్పుకోవచ్చు. రేసుకొకటి, రోడ్డుకొకటి రెండు సెట్లు పెట్టుకునేవాళ్ళకు అది వరం. కానీ అంత కిందుగా కూర్చోవడం వల్లే పళ్ళ రాపిడి, వేడి ఎక్కువ, కొంత పవర్ అక్కడే పోతుంది. రోజూ నడిపే కారుకు ఆ ఖర్చు ఎందుకు? ట్వెల్వ్ బోల్ట్ క్రౌన్ 8.875 అంగుళాలు. మీ 400కి, డ్రాగ్ రేడియల్స్‌కి చాలు. వెడల్పాటి స్లిక్స్ (గాళ్ళు లేని రేసు టైర్లు) వేసి ఏడెనిమిది వందల హార్స్‌పవర్‌కి వెళ్తానంటే అప్పుడు నైన్ ఇంచ్ గురించో, 9.75 అంగుళాల డానా 60 రకం గురించో మాట్లాడుకుందాం. డానా బరువు మాత్రం మోసి చూస్తేనే తెలుస్తుంది.

కొందరు పాత హౌసింగ్‌లోనే 4.10 గేర్లు వేసుకోమంటారు. వినకండి. 3.42లో క్రౌన్‌కి 41 పళ్ళు, పినియన్‌కి 12. 4.10లో క్రౌన్‌కి అవే 41, పినియన్‌కి 10. అంటే పినియన్ ఇంకా సన్నబడుతుంది. బలహీనమైన చోటే మళ్ళీ కోత పెట్టినట్టు. పెద్ద యాక్సిల్‌లో అయితే 4.10 హాయిగా వేసుకోండి. మీ టి-56 గేర్‌బాక్స్‌లో సిక్స్త్ గేర్ 0.50, కాబట్టి హైవే మీద 70 మైళ్ళ వేగంలో కూడా ఆర్‌పీఎం 1,900 దాటదు. స్పీడోమీటర్ తప్పు చూపిస్తుంది, ఇంజిన్ కంప్యూటర్‌లో కొత్త రేషియో వేయించాలి.

చక్రాల షాఫ్టులు 33 స్ప్లైన్‌వి (కొసన ఉండే పళ్ళ గీతలు) అడగండి, పాతవి 28. షాఫ్టును లోపలి కొసన పట్టే సి-క్లిప్ లేకుండా, హౌసింగ్ చివర బేరింగ్ ప్లేటుతో పట్టి ఉంచే రకం తీసుకోండి. క్లిప్ రకంలో షాఫ్ట్ విరిగితే చక్రం షాఫ్టుతో సహా బయటికొచ్చేస్తుంది. డ్రాగ్ రేసులు నడిపే సంస్థ ఎన్‌హెచ్‌ఆర్‌ఏ కూడా క్వార్టర్ మైలు 10.99 సెకన్లు, అంతకంటే తక్కువలో పరిగెత్తే కార్లకు ఇది తప్పనిసరి చేసింది. జంక్‌యార్డ్ యాక్సిల్ చవగ్గా దొరికిందని తెచ్చుకోకండి. మన కార్లకు యాక్సిల్‌ని కుదురుగా పట్టి ఉంచే టార్క్ ఆర్మ్, పాన్‌హార్డ్ బార్ ఉంటాయి, వాటి బ్రాకెట్లు కావాలి, ఏబీఎస్ సెన్సర్లకు చోటు కావాలి. ఈ కారు కోసమే తయారైనదైతే మూడు వేల డాలర్లు దాటుతుంది, ఇవ్వండి. ఆర్డర్ చేసేముందు డ్రైవ్‌షాఫ్ట్ పొడవు, జాయింట్ సైజు కూడా కనుక్కోండి.

ఒకవేళ గేర్లు ఇక్కడే కట్టిస్తుంటే యాక్సిల్ కంటే ముందు మెకానిక్‌ని వెతకండి. నేను మొదట ఇచ్చిన షాప్‌లో బ్యాక్‌లాష్ (పళ్ళ మధ్య వదులు) చూశారు గానీ పినియన్ లోతు సరిగ్గా పెట్టలేదు. 55 మైళ్ళు దాటితే కారు కూత పెట్టేది. కొత్త గేర్లకు ఆ మాత్రం శబ్దం మామూలే అని పంపించేశారు. మామూలు కాదు. పళ్ళకు రంగు పూసి తిప్పినప్పుడు పడిన ముద్ర ఫొటో అడగండి. చూపించనివాడికి డబ్బు ఇవ్వకండి. బిగించాక మొదటిసారి పదిహేను, ఇరవై మైళ్ళు నెమ్మదిగా తిప్పి పూర్తిగా చల్లారనివ్వాలి, 500 మైళ్ళకు ఆయిల్ మార్చాలి. మీది క్లచ్ రకం లిమిటెడ్ స్లిప్ (రెండు చక్రాలకూ పవర్ అందేలా చూసే డిఫరెన్షియల్) అయితే ఆయిల్‌లో ఫ్రిక్షన్ మోడిఫయర్ అనే ద్రవం కలపడం మరిచిపోకండి, లేకపోతే పార్కింగ్‌లో మలుపు తిప్పినప్పుడల్లా కటకటమంటుంది.

పాత టెన్ బోల్ట్‌ని స్క్రాప్‌కి వేయకండి. గరాజ్ మూలన ఉంచండి. కారు అమ్మేరోజున ఒరిజినల్ యాక్సిల్ ఉందా అని అడిగేవాళ్ళుంటారు, మీ కారుది ఇంకా విరగలేదు కూడా.