మా అమ్మాయికి కలెక్టివ్ వాళ్లు నెలకి 1,200 డాలర్లు ఇస్తామంటున్నారు, తీసుకోవచ్చా?

డల్లాస్ దగ్గర ఉంటున్న ఒక నాన్నగారు రాశారు. వాళ్ల అమ్మాయి అమెరికాలోనే పుట్టింది, పక్క రాష్ట్రంలో ఒక యూనివర్సిటీ టీమ్‌కి టెన్నిస్ ఆడుతోంది. ఆ యూనివర్సిటీ అభిమానులు పెట్టిన కలెక్టివ్ వాళ్లు ఏడాది పాటు నెలకి 1,200 డాలర్లు ఇస్తామన్నారంట, దానికి నెలకి రెండు ఇన్‌స్టా పోస్టులు, ఏడాదిలో రెండు పిల్లల టెన్నిస్ క్యాంపులు చెయ్యాలంట. "ఇది స్కాలర్‌షిప్ లాంటిదేనా, ట్యాక్స్ పడుతుందా, అసలు ఊరికే ఎవరైనా డబ్బులెందుకిస్తారు" అని అడిగారు.

ముందు అమ్మాయికి నా కంగ్రాట్స్ చెప్పండి సార్. మీ భయం కూడా కరెక్టే, మనం కాలేజీలో ఉన్నప్పుడు ఇలాంటిది లేదు కదా. 2021 జులై 1 దాకా అక్కడ కూడా లేదు, కాలేజీ ప్లేయర్ తన పేరు మీద ఒక్క డాలర్ యాడ్ డబ్బు తీసుకున్నా ఆడే అర్హత పోయేది. ఆ రోజు నుంచి, కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ రూల్ సడలించింది, దాన్నే ఎన్ఐఎల్ అంటున్నారు, అంటే తన పేరు, ఫొటో, గుర్తింపు మీద ప్లేయర్ సంపాదించుకోవచ్చు. అప్పట్లో యూనివర్సిటీ నేరుగా ఇవ్వకూడదు కాబట్టి పాత విద్యార్థులు, డబ్బున్న అభిమానులు బయట ఒక సంస్థ పెట్టి, చందాలు పోగేసి, ప్లేయర్స్‌తో చిన్న చిన్న పనులు చేయించుకుని డబ్బులివ్వడం మొదలుపెట్టారు, అదే కలెక్టివ్. ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ వాళ్లకే ఎక్కువ వెళ్తుంది, టెన్నిస్ అమ్మాయిని అడిగారంటే నాకు నిజంగా సంతోషంగా ఉంది.

కానీ ఇది స్కాలర్‌షిప్ కాదండి, గిఫ్ట్ కూడా కాదు. మీ అమ్మాయి సొంత బిజినెస్ ఆదాయం కింద లెక్క. జీతంలోలా ఎవరూ ట్యాక్స్ పట్టుకోరు, మొత్తం 1,200 అకౌంట్‌లో పడిపోతుంది, చాలామంది పిల్లలు ఇక్కడే దెబ్బతింటున్నారు. మీ లెక్కే చూద్దాం, ఒకే క్యాలెండర్ ఇయర్‌లో 14,400 వచ్చి వేరే ఆదాయం లేదనుకుంటే, స్టాండర్డ్ డిడక్షన్ వల్ల ఫెడరల్ ఇన్‌కమ్ ట్యాక్స్ సున్నా. హమ్మయ్య అనుకోకండి, సెల్ఫ్ ఎంప్లాయ్‌మెంట్ ట్యాక్స్ అని 15.3 శాతం వేరేగా ఉంది, ఖర్చులు పోను 400 డాలర్లు దాటితే పడుతుంది, మొత్తం మీద కాదు, దాంట్లో దాదాపు 92 శాతం మీదే లెక్క కాబట్టి మీకు దాదాపు 2,035 డాలర్లు. స్కాలర్‌షిప్‌లో రూమ్‌కి, తిండికి ఇచ్చే భాగం కూడా ట్యాక్స్ కిందకే వస్తుంది, అది కలిస్తే ఇన్‌కమ్ ట్యాక్స్ కూడా పడొచ్చు. టెక్సస్‌లో స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదని మీకు అలవాటైపోయి ఉంటుంది, కానీ అమ్మాయి పని చేసేది పక్క రాష్ట్రంలో, అక్కడ ఉంటే అక్కడ రిటర్న్ వెయ్యాలి. అందుకే వచ్చిన ప్రతి 1,200 లో 350 వేరే సేవింగ్స్ అకౌంట్‌లోకి తోసెయ్యమనండి, ముట్టుకోవద్దు. ఫీజులో సాయం కోసం ఫాఫ్సా అనే ఫామ్ వేస్తుంటే ఈ ఆదాయం అక్కడ కూడా లెక్కలోకి వస్తుంది.

మిగిలినదాంట్లో నెలకి 400 అయినా అమ్మాయి పేరు మీద రాత్ ఐఆర్ఏ అనే రిటైర్మెంట్ ఖాతాలో వేయించండి, సొంత సంపాదన ఉంది కాబట్టి ఆమెకి ఆ హక్కు ఉంది, 2026 లో 7,500 దాకా వెయ్యొచ్చు, అవసరమైతే వేసిన అసలు వరకు పెనాల్టీ లేకుండా తీసుకోవచ్చు. ఈ డబ్బు నమ్ముకుని కారు ఈఎంఐ మాత్రం పెట్టుకోవద్దు. ఎందుకంటే ఇది దాతల డబ్బు, వాళ్ల మనసు మారితే ఆగిపోతుంది. జేడెన్ రషాడా అనే ఫుట్‌బాల్ క్వార్టర్‌బ్యాక్‌కి 2022 లో ఫ్లోరిడా యూనివర్సిటీ అభిమానుల కలెక్టివ్‌తో కోటీ 38 లక్షల డాలర్ల పైన ఒప్పందం అయ్యింది, వాళ్లే దాన్ని రద్దు చేశారు, కుర్రాడు వేరే యూనివర్సిటీకి వెళ్లాల్సొచ్చింది. పైగా 2025 జులై నుంచి యూనివర్సిటీలే నేరుగా ప్లేయర్స్‌కి ఇవ్వొచ్చు, మొదటి ఏడాది పరిమితి ఒక్కో యూనివర్సిటీకి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు, దాంతో కొన్ని కలెక్టివ్‌లు మూతపడుతున్నాయి కూడా. 600 డాలర్లు, ఆపైన ఏ డీల్ అయినా ఎన్ఐఎల్ గో అనే పోర్టల్‌లో చూపించాలి, నిజమైన పనికి తగిన రేటే ఇస్తున్నారా అని అక్కడ చూస్తారు. అందుకే క్యాంపు ఫొటోలు, పోస్టుల స్క్రీన్‌షాట్లు అన్నీ దాచిపెట్టమనండి.

సంతకానికి ముందు కాంట్రాక్ట్ నాకు కాదు, ఒక లాయర్‌కి చూపించండి, మూడు నాలుగు వందల డాలర్లయినా పర్లేదు. ఎప్పుడు రద్దు చెయ్యొచ్చు, టీమ్ మారితే డబ్బు వెనక్కివ్వాలా, ఫొటోల మీద హక్కు ఎన్నేళ్లు, ఇవి అడగండి. భవిష్యత్తు సంపాదనలో వాటా అని ఎక్కడైనా కనిపిస్తే అక్కడే ఆగిపోండి. గెర్వాన్ డెక్స్టర్ అనే ఫుట్‌బాల్ ప్లేయర్ 2022 లో ఒక కంపెనీ దగ్గర 4,36,485 డాలర్లు తీసుకుని, ప్రొఫెషనల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌కి వెళ్లాక 25 ఏళ్ల పాటు సంపాదనలో 15 శాతం ఇస్తానని రాసిచ్చాడు, మరుసటి ఏడాదే దాన్ని రద్దు చెయ్యమని కోర్టుకెక్కాడు.

ఇది చదివి మీ ఫ్రెండ్స్ ఎవరైనా వాళ్ల పిల్లలకి కూడా చేయిద్దామనుకుంటే ఒక్కమాట చెప్పండి, మీ అమ్మాయి సిటిజన్ కాబట్టి ఇబ్బంది లేదు. హెచ్-4 డిపెండెంట్ వీసా మీద పెరిగిన పిల్లలకి, ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వచ్చిన పిల్లలకి ఇలాంటి పని వీసాకే ఎసరు పెట్టొచ్చు, ఇమిగ్రేషన్ లాయర్‌ని అడక్కుండా ఒక్క పోస్ట్ కూడా పెట్టనివ్వకండి.