‘జీవించారు’ అన్న మాట కొట్టేసి మళ్లీ పంపు

సాలిగ్రామం, చెన్నై

అమ్మాయీ,

గుమ్మడి వెంకటేశ్వరరావుగారి మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. పదకొండు పేజీల్లో ‘పాత్రలో జీవించారు’ అని తొమ్మిది చోట్ల ఉంది. ‘ఒదిగిపోయారు’ నాలుగు చోట్ల, ‘ప్రాణం పోశారు’ మూడు చోట్ల. అన్నింటి కిందా ఎర్ర పెన్సిల్‌తో గీతలు పెట్టాను. మూడో పేజీలో, గుమ్మడి తెరమీద తల వంచుకుంటే మీ అమ్మమ్మ చేతిలో గరిటెతోనే వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడేదని రాశావు చూడు, ఆ ఒక్క వాక్యం చదివాకే ఈ ఉత్తరం రాయాలనిపించింది.

ఆవిడ వచ్చి నిలబడేసరికి ఆయన మాట్లాడటం లేదు. తల వంచుకున్నాడు, అంతే. క్యారెక్టర్ నటుడి పనితనం నూటికి తొంభై పాళ్లు అక్కడే ఉంటుంది, అవతలివాడు మాట్లాడుతుంటే వింటున్న షాట్లలో. హీరోకి పాటలున్నాయి, ఫైట్లున్నాయి, కథ మొత్తం అతని చుట్టూ తిరుగుతుంది. తండ్రికో, అన్నగారికో, మంత్రికో ఉండేది వినడం. మీ అమ్మమ్మ అది చూసింది. నీ వ్యాసంలో మాత్రం ఆయన ఎప్పుడూ డైలాగులే చెబుతున్నాడు.

‘జీవించారు’ అన్న మాటతో నాకు ఏళ్ల తరబడి పేచీ. ఆ మాట గుమ్మడికీ అతుకుతుంది, రంగారావుకీ అతుకుతుంది, నిన్న మొన్న వచ్చిన కుర్రాడికీ అతుకుతుంది. ఎవరికైనా అతికే మాట ఎవరి గురించీ ఏమీ చెప్పదు. పత్రికల వాళ్లకి అదే కావాలి. జయంతికి ఆరు వందల మాటలు, వర్ధంతికి ఆరు వందల మాటలు, పక్కన చిన్న బాక్సులో ‘మీకు తెలియని ఐదు విశేషాలు’. సీను గురించి రాస్తే అది ముందు కత్తిరిస్తారు, అవార్డుల జాబితా ఉంచుతారు. మన భాషలో ఇన్ని సినిమా వ్యాసాలున్నా, ఒక నటుడు చెయ్యి ఎక్కడ పెట్టాడో చెప్పే వాక్యం దొరకడం కష్టమవడానికి కారణం ఇదే. నువ్వు వాళ్ల కోసం రాయకు.

‘మాయాబజార్’నే తీసుకుందాం. బలరాముడి కోపాన్ని ఒక పేజీ నిండా పొగిడావు. ప్రియదర్శిని పెట్టె సీనును ఒక్క ముక్కలో దాటేశావు. ఆ పెట్టె తెరిస్తే ఎవరికి ఏది ప్రియమో అది కనిపిస్తుంది. రేవతికి నగలూ రత్నాలూ, కృష్ణుడికి శకుని, బలరాముడికి దుర్యోధనుడు. గుమ్మడి ముఖం మీద అప్పుడు విచ్చుకునేది శిష్యుడి మీద గురువుకుండే మురిపెం. అందులో కల్మషం లేదు, ఆలోచనా లేదు. తరవాత కౌరవులు వచ్చి నాలుగు పొగడ్తలు చెబితే చెల్లెలికిచ్చిన మాట మరిచి కూతుర్ని లక్ష్మణకుమారుడికి ఇవ్వడానికి ఒప్పుకునే మనిషి ఇతనే అని మనం నమ్మేది ఈ మురిపెం చూశాం కనకే. మూడు గంటల కథకు విత్తనం ఆ కొన్ని సెకన్లలో పడింది. సౌండ్ తీసేసి ఆ సీను చూడు. పెట్టె చేతికి రాకముందు ముఖం, తెరిచినప్పుడు ముఖం, మూశాక ముఖం, మూడింటికీ మూడు వాక్యాలు రాయి. నీ పేజీ పొగడ్త కంటే ఆ మూడు వాక్యాలు బరువుంటాయి.

అదే పేజీలో బలరాముడి పట్టుబట్టల రంగు వర్ణించావు. 1957 మార్చిలో విడుదలైన ఆ సినిమా నలుపు తెలుపు. నువ్వు చూసింది 2010లో రంగులద్ది విడుదల చేసిన ప్రింటు. ఆ రంగులు కంప్యూటర్ దగ్గర కూర్చున్నవాళ్లు వేసినవి, నటుడివీ కావు, కెమెరామన్ మార్కస్ బార్ట్లేవీ కావు. అప్పట్లో మేకప్పూ బట్టలూ బూడిదరంగు ఛాయల్లో ఎలా పడతాయన్న లెక్కతో ఎంచుకునేవాళ్లు. నలుపు తెలుపు ప్రింటు చూడకుండా ఆ సినిమాలో ఎవరి ముఖం గురించీ రాయకు.

ఇంటర్నెట్‌లో దొరికే ప్రింట్లతో ఇంకో చిక్కుంది. పాత సినిమా ఫ్రేము దాదాపు చదరంగా ఉంటుంది, నాలుగు పాళ్ల వెడల్పుకి మూడు పాళ్ల ఎత్తు. ఇప్పటి టీవీ పదహారుకి తొమ్మిది. తెర నిండాలని కొందరు పైనా కిందా కోసేస్తారు. అలా ఎత్తులో నాలుగో వంతుకు దగ్గరగా పోతుంది. పోయేది కిరీటం, పోయేది చేతులు. గుమ్మడి సగం నటన చేతుల్లో ఉన్నప్పుడు ఆ కోత ఎంత నష్టమో చూడు. ఇంకొందరు కొయ్యకుండా పక్కలకి సాగదీస్తారు, అప్పుడు అందరూ లావుగా కనిపిస్తారు. గుండ్రంగా ఉండాల్సిన బండిచక్రమో పళ్లెమో కోడిగుడ్డులా కనిపిస్తే ప్రింటు సాగిందని గుర్తు. ఇక గొంతు. సెకనుకి 24 ఫ్రేముల ఫిలింను టీవీ కోసం 25తో ఎక్కిస్తే మూడు గంటల సినిమా ఏడు నిమిషాలు ముందే అయిపోతుంది, గొంతు కాస్త పైకెళ్తుంది. ఆయన గొంతు ‘సన్నగా, ఆర్ద్రంగా’ ఉందని రాశావు. ఆ సన్నదనం ఆయనదో ప్రింటుదో ముందు తేల్చుకో.

తేల్చుకోవడానికి లెక్క ఉంది. సినిమా మొదట్లో వచ్చే సెన్సార్ సర్టిఫికెట్‌ను ఆపి చదువు. తేదీ, నిడివి, రీళ్ల సంఖ్య ఉంటాయి. 35 ఎం.ఎం. ఫిలిం నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు. నిడివి అడుగుల్లో ఉంటే దాన్ని తొంభైతో భాగించి నీ ప్రింటు నిమిషాలతో పోల్చు. నాలుగు శాతం తేడా అయితే వేగం మారింది. పది, పదిహేను నిమిషాలు తగ్గితే ఎక్కడో సీన్లు ఎగిరిపోయాయి. ఎగిరేవాటిలో క్యారెక్టర్ నటుల సీన్లూ ఉంటాయి. పోయిన సీను ఏదో తెలియాలంటే పాటల పుస్తకం వెతకాలి. అందులో కథాసంగ్రహం, వెనక పాత్రల పట్టిక ఉంటాయి. ‘మిగతా వెండితెరపై చూడండి’ అని ఆపేసే దగ్గరికి కథ సగం వచ్చేసి ఉంటుంది. ఒక్క జాగ్రత్త, ఆ పుస్తకం విడుదలకి ముందే అచ్చవుతుంది. ఆఖరి కత్తిరింపుల్లో పోయిన పాత్రలు కూడా అందులో మిగిలిపోతాయి. కాబట్టి పట్టికలో పేరుంటే చాలదు, తెరమీద ముఖం కనిపించాలి.

వయసు సంగతి నీకు అసలు తట్టనే లేదు, నాకు అన్నింటికంటే బాధ కలిగించింది అదే. ఆయన పుట్టింది 1927 జులైలో, తెనాలి దగ్గర రావికంపాడులో. తొలి సినిమా 1950లో ‘అదృష్టదీపుడు’. ‘అర్ధాంగి’ 1955లో వచ్చింది, అందులో అక్కినేనికి తండ్రి. అక్కినేని 1924లో పుట్టారు. ఇరవై ఎనిమిదేళ్లయినా నిండనివాడు తనకంటే దాదాపు మూడేళ్లు పెద్దవాడికి తండ్రి. ఎన్టీఆర్‌ది 1923. ‘మాయాబజార్’లో ఆయనకి అన్న, ‘పాండవ వనవాసం’లో భీముడైన ఆయనకి ధర్మరాజుగా మళ్లీ అన్న, ‘మహామంత్రి తిమ్మరుసు’లో కృష్ణదేవరాయలైన ఆయనకి ‘అప్పాజీ’. తనకంటే నాలుగేళ్లు పెద్దవాడి చేత అప్పాజీ అని పిలిపించుకుని, ఆ పిలుపు హాలంతా నమ్మేటట్టు చెయ్యడమంటే ఏమిటో ఆలోచించు. విగ్గూ, కణతల మీద తెలుపూ ఎవరైనా పెట్టుకుంటారు. క్రేప్ వెంట్రుకల మీసం స్పిరిట్ గమ్‌తో అతికిస్తే లైట్ల వేడికి చెమటపట్టి అంచులు లేస్తాయి. అందుకని వయసు పైకి అతికించిందైతే క్లోజప్‌లో పట్టుబడుతుంది. గుమ్మడి వయసును వేగంలో పెట్టాడు. తల తిప్పడానికి ముందు కన్ను తిరుగుతుంది, జవాబుకి ముందు ఒక ఊపిరి ఆగుతుంది. ఒళ్లు వణికించి ముసలితనం చూపించే అలవాటు ఆయనకి లేదు. ఆ రోజుల్లో మాటలు సెట్లోనే షాట్‌తో పాటు రికార్డయ్యేవి, కాబట్టి ఆ ఆగిన ఊపిరి ఆ క్షణంలో ఆ ఒంటిదే. దాన్ని సెకన్లలో కొలువు, ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఉందిగా.

‘తిమ్మరుసు’ చివర రాజు ఆజ్ఞతో ఆయన కళ్లు పోతాయి. చూపు లేని నటుడు ఇంక దేనితో నటించాలి? మెడ, వేళ్లు, గొంతు. మూడూ విడివిడిగా చూసి రాయి. ‘కంటతడి పెట్టించారు’ అన్న నీ వాక్యం అప్పుడు దానంతటదే పోతుంది.

‘జీవితమంతా సాత్విక పాత్రలకే పరిమితమైన’ అన్న మాట తప్పు, దిద్దు. ఎన్టీఆర్ సొంత సంస్థ తీసిన ‘పిచ్చిపుల్లయ్య’లో, 1953లో, ఆయన విలన్. 1960లో ‘నమ్మినబంటు’ జమీందారు, అదే ఏడు బి.ఎన్.రెడ్డిగారి ‘రాజమకుటం’లో ప్రచండుడు. నిమ్మళంగా మాట్లాడే ముఖం దుర్మార్గం చేస్తే ఎలా ఉంటుందో చూడకుండా ఆ ముఖంలోని మంచితనం గురించి రాయలేవు. మంచివాడి సీనూ చెడ్డవాడి సీనూ పక్కపక్కన పెట్టి చూడు. పద్ధతి ఒకటే, వింటున్నప్పుడు కన్ను ఎక్కడుందన్నదే తేడా.

అవార్డుల పేరా పూర్తిగా తీసెయ్యి, లేదా సరిగ్గా రాయి. ‘తోడుదొంగలు’, ‘తిమ్మరుసు’ రెండింటికీ ఆయనకి ‘జాతీయ ఉత్తమ నటుడు’ వచ్చిందని రాశావు. జాతీయ అవార్డుల్లో ఉత్తమ నటుడు అన్న విభాగమే 1967 చిత్రాల నుంచి మొదలైంది. 1954లో యోగ్యతాపత్రం, 1962 చిత్రాల్లో తెలుగుకి రాష్ట్రపతి రజత పతకం, రెండూ సినిమాలకి వచ్చినవి. ఆయనకి వచ్చింది 1977లో పద్మశ్రీ, దాన్ని నువ్వు రాయనే లేదు.

‘ఐదు వందల చిత్రాలు’ అన్న శీర్షిక గురించి. ఆ అంకె అందరూ వాడేదే, కానీ నువ్వు జాబితా ఇస్తానంటున్నావు కనక చెబుతున్నా. రెండు భాషల్లో విడివిడిగా తీసి, నటుడు రెండింటిలోనూ నటిస్తే రెండు సినిమాలు. ఊరికే డబ్బింగ్ చేస్తే ఒకటే. ‘మాయాబజార్’ తమిళంలోనూ తీశారు. ఘటోత్కచుడు రెండింటిలోనూ రంగారావే, కాబట్టి ఆయనకి రెండు. తమిళ బలరాముడు డి.బాలసుబ్రహ్మణ్యం, కాబట్టి గుమ్మడికి ఒకటే. నువ్వు రెండు వేశావు. ‘తోడుదొంగలు’ పేరుతో 1954లో ఒకటి, 1981లో ఒకటి ఉన్నాయి. పేరు చూసి రాస్తే ఏళ్లు తారుమారవుతాయి. సెన్సార్ డిసెంబర్‌లో, విడుదల జనవరిలో అయినవి రెండేళ్ల కిందా పడతాయి. నువ్వు విడుదల తేదీకే కట్టుబడు. టైటిల్ కార్డుల్లో ఆయన పేరు ఎన్నోది, గుంపులో ఉందా ఒంటరిగా ఉందా అన్నది ఏటేటా రాసుకో. జీవితచరిత్రలు చెప్పనిది ఆ వరుస చెబుతుంది.

వ్యాసం చివర ఆయన ముసలితనం కష్టాలంటూ రెండు పేజీలు కలిపావు. వీడియోలకి అలాంటి శీర్షికలు పెట్టి డబ్బు చేసుకునే ఫ్యాషన్ నాకు చాలా కోపం తెప్పిస్తుంది. ఆ రెండు పేజీలూ చింపేశాను. నా దగ్గర కాపీ లేదు, నువ్వూ ఉంచుకోకు.

ఇక పని. వడపళని మాల్‌కి సినిమాలకి వెళ్తుంటావు కదా, ఆ మాలూ పక్కన ఆసుపత్రీ ఉన్న నేల ఒకప్పుడు విజయా వాహినీ స్టూడియో ఆవరణ. 1966 నుంచి ‘విజయచిత్ర’ సినిమా పత్రిక వెలువడింది కూడా ఆ సంస్థ నుంచే. ఎగ్మూరు కన్నెమరా గ్రంథాలయం దేశంలో అచ్చయిన పుస్తకాల ప్రతులు చేరాల్సిన నాలుగింటిలో ఒకటి. ఆయన రాసుకున్న జ్ఞాపకాల పుస్తకం అక్కడ అడుగు. అయితే అది సినిమాలు చూశాక చదువు, ముందు కాదు. ముందే చదివితే ఆయన చెప్పిందే నీకు తెరమీద కనిపిస్తుంది.

ఒక్కో సినిమాకి మూడు సాయంత్రాలు పెట్టుకో. మొదటిరోజు మామూలుగా. రెండోరోజు సౌండ్ లేకుండా, ఆయన ఉన్న షాట్లు మాత్రమే. మూడోరోజు కళ్లు మూసుకుని గొంతు. రూళ్ల నోటుబుక్కులో ఐదు గళ్లు గీసుకో: నిమిషం-సెకను, క్లోజప్పా మిడ్ షాటా లాంగ్ షాటా, మాట్లాడుతున్నది ఎవరు, ఆయన చూపు ఎటు, చేతులు ఎక్కడ. ఒక్క రీలుకే చెయ్యి నొప్పెడుతుంది. రోజుకి నాలుగు రీళ్లు దాటితే గళ్లలో అబద్ధాలు పడతాయి, ఆపెయ్యి. ఐదు వందల సినిమాలు వద్దు. ‘తోడుదొంగలు’, ‘మాయాబజార్’, ‘రాజమకుటం’, ‘తిమ్మరుసు’, ఈ నాలుగే.

ఇవి మొదలుపెట్టేముందు మీ అమ్మని అడుగు, అమ్మమ్మ గరిటెతో వచ్చి నిలబడింది ఏ సినిమాకో. పేరు గుర్తులేకపోతే కథ అడుగు, కథ కూడా లేకపోతే పక్కన ఎవరున్నారో అడుగు. దొరికాక ఆ సీను నిమిషం, సెకను రాసి, వ్యాసం అక్కణ్ణుంచి మొదలుపెట్టి పంపు.

ఆశీస్సులతో,
మేష్టారు